ఐసీయూలో యాంటీబయాటిక్ మార్చే ముందు: డోసు సరిగ్గా ఇవ్వడం ఎలా

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు ఐసీయూల్లో పని చేసే డ్యూటీ డాక్టర్లు, స్టాఫ్ నర్సులు అడిగే ప్రశ్నలు తిప్పి తిప్పి మూడే. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 3 ఉంది, మెరోపెనెం సగం చేయాలా? పంపు ఖాళీ లేదు, మూడు గంటల డ్రిప్ ఎలా పెట్టాలి? రెండు రోజులైనా జ్వరం తగ్గలేదు, చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ మొదలుపెట్టాలా?

మూడో ప్రశ్నకు జవాబు చాలాసార్లు మొదటి రెండింట్లోనే దొరుకుతుంది. మందు పని చేయలేదని అనుకుంటాం. నిజానికి మందు రోగి ఒంట్లోకి పూర్తిగా వెళ్లి ఉండదు, లేదా మొదటి రోజే కిడ్నీ పేరు చెప్పి తగ్గించి ఉంటాం. అందుకే ఏ మందు ఎంచుకోవాలన్నది పక్కన పెట్టి, ఎంచుకున్న మందును ఎలా ఇవ్వాలన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఐసీయూలో పని చేసేవాళ్ల కోసం, పెద్దవాళ్ల డోసుల గురించి మాత్రమే. పిల్లల లెక్క వేరు. చివరి మాట మీ కన్సల్టెంట్‌దే. రోగి బంధువులెవరైనా చదువుతుంటే ఒక్క విన్నపం: సెలైన్ నెమ్మదిగా పోతోందని రోలర్ మీరు తిప్పకండి. నెమ్మదిగా పోవడమే చికిత్స కావచ్చు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

రోగి బరువు, ఎత్తు. గత రెండు మూడు రోజుల క్రియాటినిన్ విలువలు. గంటగంటకూ యూరిన్ రాసిన చార్ట్. కల్చర్ బాటిళ్లు రెండు సెట్లు. సిరంజి పంపు, 50 ఎంఎల్ సిరంజి, ఎక్స్‌టెన్షన్ లైన్. పంపు లేకపోతే బ్యూరెట్ (కొలతల గీతలున్న చిన్న గొట్టం) ఉన్న మైక్రోడ్రిప్ సెట్. 100 ఎంఎల్ నార్మల్ సెలైన్ బాటిళ్లు, బాటిల్ మీద టైమ్ రాయడానికి ప్లాస్టర్, పెన్ను.

ఇంకొకటి కూడా ఉండాలి, చాలాచోట్ల ఉండదు: ఐసీయూలోనే మొదటి డోసుకు సరిపడా మందు. మెరోపెనెం, పైపెరాసిలిన్-టాజోబాక్టం, సెఫ్ట్రియాక్సోన్, అమికాసిన్, వాంకోమైసిన్ రెండు మూడు వయల్స్ చొప్పున ఎమర్జెన్సీ ట్రేలో పెట్టించండి. చీటీ రాసి అటెండెంట్ చేతికిస్తే, ఆయన మెడికల్ షాప్ వెతుక్కుని, డబ్బు సర్దుకుని వచ్చేసరికి గంటన్నర గడుస్తుంది. షాక్‌లో ఉన్న రోగి దగ్గర ఆ గంటన్నర లేదు. ముందు ట్రేలోది వాడండి, అటెండెంట్ తెచ్చింది ట్రేలో నింపండి.

1. మొదటి గంట

బీపీ పడిపోయి సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌తో అవయవాలు దెబ్బతినే స్థితి) అనుమానం ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ వెళ్లాలని 2021 నాటి అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉంటే, త్వరగా పరీక్షలు చేసి మూడు గంటలలోపు నిర్ణయించుకోవచ్చు. బ్లడ్ కల్చర్ ముందే తీయండి. కానీ సిర దొరకలేదని మందు ఆపి కూర్చోవద్దు.

రెండు మందులు రాసి ఉంటే ఏది ముందు? బీటా-లాక్టమే ముందు. అంటే మెరోపెనెం, సెఫ్ట్రియాక్సోన్, పైపెరాసిలిన్ వంటివి. వాంకోమైసిన్ తర్వాత. ఎందుకంటే వాంకోమైసిన్ పూర్తి కావడానికే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ఒకటే కాన్యులా ఉండి దాన్ని ముందు పెడితే అసలు మందు మూడో గంటకు వెళుతుంది. మెరోపెనెం 1 గ్రామును 20 ఎంఎల్‌లో కలిపి 5 నిమిషాల్లో నేరుగా ఇవ్వొచ్చు. పైపెరాసిలిన్-టాజోబాక్టం 4.5 గ్రాములు అరగంట డ్రిప్.

2. బరువు కనుక్కోవడం

"అందాజా 60 రాయండి" అనే అలవాటు మానాలి. వాంకోమైసిన్, అమికాసిన్, పాలిమిక్సిన్ బి డోసులన్నీ కిలోల మీదే నడుస్తాయి. 45 కిలోల మనిషికి, 85 కిలోల మనిషికి ఒకే డోసు పోతే ఒకరికి చెవి, కిడ్నీ దెబ్బతింటాయి, ఇంకొకరికి జబ్బు తగ్గదు.

బరువు చూపే మంచం ఉంటే సరే. లేకపోతే జబ్బుకు ముందు బరువెంతో ఇంటివాళ్లను అడగండి. ఈ మధ్య షుగర్ కోసమో, బీపీ కోసమో ఆసుపత్రికి వెళ్లి ఉంటే ఆ చీటీ మీద ఉంటుంది. రెండు మూడు రోజులు సెలైన్లు ఎక్కి ఒళ్లు వాచిన తర్వాతి బరువు మీద లెక్క వేయకండి. లావుగా ఉన్నవాళ్లలో అమికాసిన్‌కు సవరించిన బరువు వాడాలి: ఎత్తుకు తగ్గ బరువుకు, అదనంగా ఉన్న బరువులో 40 శాతం కలపండి. వాంకోమైసిన్ లోడింగ్‌కు, అంటే మొదటి పెద్ద డోసుకు, అసలు బరువే, కానీ 3 గ్రాములు దాటొద్దు.

3. మొదటి డోసు తగ్గించొద్దు

ఇది ఒక్కటి గుర్తుంటే సగం పొరపాట్లు పోతాయి. మొదటి డోసు ఎంత అనేది కిడ్నీ మీద ఆధారపడదు. మందు ఒళ్లంతా నిండాలి, నింపడానికి ఎంత కావాలో అంత కావాలి. సెప్సిస్‌లో రక్తనాళాల నుంచి నీరు బయటికి జారి, మనం ఇచ్చిన సెలైన్లూ తోడై, నింపాల్సిన చోటు ఇంకా పెరుగుతుంది. కిడ్నీ పని చేయకపోతే మందు ఆలస్యంగా బయటికి పోతుంది, కాబట్టి ఆలోచించాల్సింది రెండో డోసు నుంచి. డయాలసిస్ మీద ఉన్న రోగికైనా మొదటిది పూర్తి డోసే.

4. కిడ్నీని ఒక్క అంకెతో కొలవొద్దు

కిడ్నీ నిమిషానికి ఎన్ని ఎంఎల్ రక్తాన్ని శుభ్రం చేస్తోందో అంచనా వేయడానికి అందరం వాడే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ ఫార్ములా 1976 నాటిది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చవేసి, 72 ఇంటూ క్రియాటినిన్‌తో భాగించడం. ఆడవాళ్లకైతే వచ్చిన దాన్ని 0.85తో హెచ్చవేయాలి. క్రియాటినిన్ నిలకడగా ఉన్నప్పుడే ఈ లెక్క పనికొస్తుంది. ఐసీయూలో అది నిలకడగా ఉండేదే అరుదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 45 ఏళ్ల రైతు, 60 కిలోలు, న్యుమోనియాతో షాక్‌లో వచ్చాడు. క్రియాటినిన్ 2.4. లెక్క వేస్తే 33 వస్తుంది. పట్టికలో చూస్తే మెరోపెనెం 1 గ్రాము 12 గంటలకోసారి అని ఉంటుంది. అలాగే రాశారనుకోండి. సెలైన్లు, బీపీ పెంచే నోర్‌అడ్రినలిన్ అందాక మర్నాటికి క్రియాటినిన్ 1.4కు దిగింది, యూరిన్ బాగా వస్తోంది. ఇప్పుడు లెక్క 56, అంటే 8 గంటలకోసారి ఇవ్వాల్సిన మనిషి. జబ్బు అన్నిటికంటే బలంగా ఉన్న మొదటి రోజే అతనికి 3 గ్రాముల బదులు 2 గ్రాములు వెళ్లాయి.

సెప్సిస్‌తో వచ్చిన కిడ్నీ దెబ్బ చాలామందిలో 48 గంటల్లోనే తేరుకుంటుంది. అందుకని మొదటి 48 గంటలు మెరోపెనెం, పైపెరాసిలిన్-టాజోబాక్టం, సెఫ్ట్రియాక్సోన్‌లను క్రియాటినిన్ చూసి తగ్గించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మినహాయింపులు మూడు. ముందునుంచే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఒకటి. యూరిన్ పూర్తిగా ఆగిపోయినవాళ్లు రెండు. సెఫెపైమ్, ఇమిపెనెం మీద ఉన్నవాళ్లు మూడు. ఈ రెండు మందులూ పేరుకుంటే మెదడు మీద పని చేస్తాయి. సెఫెపైమ్ మీద ఉన్న రోగి అర్థం లేకుండా మాట్లాడుతున్నా, చేతులు ఉలిక్కిపడుతున్నా, మగతలోకి జారుతున్నా ముందు డోసు చూడండి, తర్వాతే సీటీకి పంపండి.

తిరగబడే సందర్భం కూడా ఉంది. ఆరు గంటలుగా చుక్క యూరిన్ లేదు, కానీ పొద్దున క్రియాటినిన్ 1.8 మాత్రమే. ఫార్ములా 40 పైన చూపిస్తుంది. అసలు విలువ సున్నాకు దగ్గర. క్రియాటినిన్ పెరగడానికి టైమ్ పడుతుంది, యూరిన్ బ్యాగ్ ముందే చెబుతుంది. బ్యాగ్‌ను నమ్మండి.

ఇక ఎవరూ అడగని గుంపు ఒకటుంది: కిడ్నీ మరీ ఎక్కువగా పని చేసేవాళ్లు. రాజీవ్ రహదారి మీద బైక్ యాక్సిడెంట్ అయి తలకు దెబ్బ తగిలిన పాతికేళ్ల కుర్రాడు, కాలిన గాయాలతో వచ్చిన యువకుడు, ఇలాంటివాళ్లు. క్రియాటినిన్ 0.5, 0.6 ఉంటుంది. "కిడ్నీ బాగుంది" అని ముందుకు వెళ్లిపోతాం. కానీ వీళ్లలో మందు వచ్చినంత వేగంగా యూరిన్‌లో కొట్టుకుపోతుంది. ఇక్కడ ఫార్ములా కాదు, 8 గంటల యూరిన్ కొలవాలి.

ఎలాగంటే: ఫోలీ బ్యాగ్ ఖాళీ చేసి టైమ్ రాయండి. సరిగ్గా 8 గంటలకు మొత్తం ఎంతొచ్చిందో కొలిచి, బాగా కలిపి, కొంచెం ల్యాబ్‌కు పంపి యూరిన్ క్రియాటినిన్ చేయించండి. అదే పూట రక్తంలో క్రియాటినిన్ కూడా. 8 గంటల్లో 900 ఎంఎల్ వచ్చిందనుకోండి, 480 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 1.875 ఎంఎల్. యూరిన్ క్రియాటినిన్ 60, రక్తంలో 0.6. 60ని 1.875తో హెచ్చవేసి 0.6తో భాగిస్తే 187. 130 దాటితే మామూలు డోసు చాలదని అర్థం. పైపెరాసిలిన్-టాజోబాక్టం 6 గంటలకోసారి పొడవు డ్రిప్‌గా (3, 4 గంటలు నెమ్మదిగా), మెరోపెనెం అయితే 2 గ్రాములు 8 గంటలకోసారి పొడవు డ్రిప్‌గా ఇవ్వడం గురించి కన్సల్టెంట్‌తో మాట్లాడండి.

5. పొడవు డ్రిప్ పెట్టడం

వరి మడిలో నీళ్లు నిలిచి ఉండాలి. ఒక్కసారి కాలువ తెంచి పోసి మూడు రోజులు ఎండగడితే లాభం లేదు. బీటా-లాక్టమ్ మందులదీ అదే తీరు: రక్తంలో ఎంత ఎత్తుకు లేచాయన్నది కాదు, క్రిమిని అణిచే స్థాయి పైన ఎంతసేపు ఉన్నాయన్నదే లెక్క. అందుకే అరగంటలో పోసేయకుండా 3, 4 గంటలు ఇస్తాం. 7 వేల మందికి పైగా ఐసీయూ రోగుల మీద జరిగి 2024లో ప్రచురితమైన బ్లింగ్-3 ట్రయల్‌లో ఆపకుండా డ్రిప్‌గా ఇచ్చినవాళ్లలో 90 రోజుల మరణాలు 24.9 శాతం, విడివిడి డోసులుగా ఇచ్చినవాళ్లలో 26.8 శాతం. ఆ ఒక్క ట్రయల్‌లో తేడా గణాంకాల గీత దాటలేదు. మిగతా ట్రయల్స్‌తో కలిపి చూసిన విశ్లేషణలో మాత్రం మరణాలు తగ్గినట్టు తేలింది. అదనపు ఖర్చు దాదాపు లేని పని కాబట్టి చేయడమే సరైనది.

మొదటి డోసు ఎప్పుడూ త్వరగానే. దాన్నే పొడవు డ్రిప్‌గా పెడితే మందు స్థాయి పెరగడానికే టైమ్ పోతుంది. రెండో డోసు నుంచి మెరోపెనెం 3 గంటలు, పైపెరాసిలిన్-టాజోబాక్టం 4 గంటలు. పైపెరాసిలిన్‌కైతే మొదటి డోసు అయిన 4 గంటలకే పొడవు డ్రిప్ మొదలుపెట్టే పద్ధతి చాలా ఐసీయూల్లో ఉంది.

పంపు ఉంటే: మందును 50 ఎంఎల్ సిరంజిలో కలపండి. 3 గంటలకు గంటకు 16.7 ఎంఎల్, 4 గంటలకు 12.5 ఎంఎల్. ఎక్స్‌టెన్షన్ లైన్‌ను మందుతోనే నింపి కలపండి. అయిపోయాక కొద్దిగా సెలైన్‌తో అదే వేగంలో తోయండి.

పంపు లేకపోతే: మామూలు సెట్ వద్దు. ఎంఎల్‌కు 20 చుక్కల సెట్‌తో 3 గంటల డ్రిప్ అంటే నిమిషానికి 11 చుక్కలు, అది ఎవరికీ నిలబడదు. మైక్రోడ్రిప్‌లో ఎంఎల్‌కు 60 చుక్కలు. అందులో ఒక సుఖం ఉంది: గంటకు ఎన్ని ఎంఎల్ కావాలో నిమిషానికి అన్ని చుక్కలు. 100 ఎంఎల్ 3 గంటలకు 33 చుక్కలు, 4 గంటలకు 25 చుక్కలు. వయల్‌ను 20 ఎంఎల్‌లో కరిగించి 100 ఎంఎల్ బాటిల్‌లో వేస్తే మొత్తం 120 అవుతుంది, అప్పుడు 40, 30 చుక్కలు. ఈ 20 మరిచిపోతే డ్రిప్ అనుకున్న టైమ్‌కు అవదు, తర్వాతి డోసు వెనక్కి జరుగుతుంది. ప్లాస్టర్ మీద మొదలైన టైమ్, అయిపోవాల్సిన టైమ్ రెండూ రాయండి. గంటకోసారి చుక్కలు లెక్కపెట్టండి, రోగి చేయి కదిలిస్తే వేగం మారుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా జరిగే నష్టం. బాటిల్ ఖాళీ అయింది, సెట్ తీసి పక్కన పడేశారు. ఆ సెట్ గొట్టంలో, ఛాంబర్‌లో 15 నుంచి 20 ఎంఎల్ మందు మిగిలి ఉంది. 100 ఎంఎల్‌లో 1 గ్రాము మెరోపెనెం కలిపి ఉంటే, 20 ఎంఎల్ అంటే 200 మిల్లీగ్రాములు. రోజుకు మూడు డోసులంటే 600. కేస్‌షీట్‌లో 3 గ్రాములు, రోగి ఒంట్లో 2.4 గ్రాములు. ఐదో వంతు చెత్తబుట్టలోకి. ఎవరి తప్పూ ఎక్కడా కనపడదు, చార్ట్‌లో టిక్కు ఉంటుంది. కల్చర్ రిపోర్ట్‌లో ఆ మందు పని చేస్తుందనే ఉంటుంది.

దీనికి విరుగుడు సులభం. బ్యూరెట్‌లో మందు అయిపోగానే 30 ఎంఎల్ నార్మల్ సెలైన్ అదే బ్యూరెట్‌లోకి వదిలి అదే వేగంతో పోనివ్వండి. బ్యూరెట్ లేకపోతే బాటిల్ మార్చి చిన్న సెలైన్ అదే సెట్‌కు తగిలించండి. మీ వార్డులో వాడే సెట్‌లో ఎంత నిలుస్తుందో ఒకసారి మీరే చూడండి: కొత్త సెట్‌ను సెలైన్‌తో నింపి, మొత్తాన్ని సిరంజిలోకి లాగి కొలవండి. ఆ అంకెను ఐసీయూ బోర్డు మీద రాసిపెట్టండి.

ఒక హెచ్చరిక: నోర్‌అడ్రినలిన్ పోతున్న లైన్‌లో యాంటీబయాటిక్ కలపొద్దు, ఆ లైన్‌ను ఫ్లష్ అసలే చేయొద్దు. లైన్‌లో ఉన్న నోర్‌అడ్రినలిన్ అంతా ఒక్కసారి లోపలికి వెళ్లి బీపీ ఎగసిపోతుంది.

ఒకే లైన్‌లో కలవకూడనివి ఇంకా ఉన్నాయి. సెఫ్ట్రియాక్సోన్‌తో రింగర్ లాక్టేట్, కాల్షియం వద్దు. వాంకోమైసిన్, పైపెరాసిలిన్-టాజోబాక్టం కలిస్తే తెల్లగా విరగొచ్చు. అమికాసిన్‌ను ఏ బీటా-లాక్టమ్‌తోనూ ఒకే బాటిల్‌లో కలపొద్దు. పాంటోప్రజోల్ లైన్, బైకార్బొనేట్ లైన్ వేరుగా ఉంచండి. పొడవు డ్రిప్‌కు ఒక లైన్ గంటల తరబడి కేటాయించాలి, అందుకే సెంట్రల్ లైన్‌లో ఏ దారి దేనికో ముందే రాసుకోవడం మంచిది.

ఎండల మాట కూడా చెప్పాలి. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు 44, 45 డిగ్రీలు మామూలే, ఏసీ ఆగిపోయిన ఐసీయూ త్వరగానే వేడెక్కుతుంది. మెరోపెనెం కలిపాక వేడిలో త్వరగా బలం తగ్గుతుంది, డెక్స్ట్రోజ్‌లో ఇంకా త్వరగా. నార్మల్ సెలైన్‌లోనే కలపండి, కలిపిన వెంటనే పెట్టండి. పొద్దున షిఫ్ట్‌లో మూడు డోసులూ ఒకేసారి కలిపి బల్ల మీద పెట్టొద్దు. 24 గంటలకు సరిపడా ఒకే బాటిల్‌లో కలిపి పెట్టడం మెరోపెనెంకు పనికిరాదు. పైపెరాసిలిన్-టాజోబాక్టం కొంత ఓర్చుకుంటుంది.

6. రెండో డోసు టైమ్

రాత్రి పదకొండున్నరకు స్టాట్ (వెంటనే ఇచ్చే) డోసు వెళ్లింది, 8 గంటలకోసారి ఇచ్చే మందు. వార్డు టైమింగ్స్ 6, 2, 10. తర్వాతిది పొద్దున 6కా, మధ్యాహ్నం 2కా? 6కే. వార్డు గడియారానికి సర్దాల్సి వస్తే ఎప్పుడూ ముందుకు జరపండి, వెనక్కి కాదు. బీటా-లాక్టమ్‌లకు గంటా రెండు గంటలు ముందు పడితే ప్రమాదం లేదు. ఈ సూత్రం అమికాసిన్‌కు, వాంకోమైసిన్‌కు, కొలిస్టిన్‌కు పనికిరాదు.

7. జాగ్రత్తగా ఇవ్వాల్సిన నాలుగు

వాంకోమైసిన్: లోడింగ్ కిలోకు 25 నుంచి 30 మిల్లీగ్రాములు. 60 కిలోలకు 1.5 గ్రాములు, 300 ఎంఎల్‌లో, గంటన్నర నుంచి రెండు గంటలు. గంటకు 1 గ్రాము మించి వెళితే మెడ, ముఖం ఎర్రబడి దురద వస్తుంది. అది అలర్జీ అని కేస్‌షీట్‌లో రాసేయకండి. ఆపి, దురద తగ్గాక సగం వేగంతో పెట్టండి. ఊపిరి ఆడకపోయినా, బీపీ పడినా మాత్రం అలర్జీగానే చూడాలి. తర్వాతి డోసులు కిలోకు 15 నుంచి 20, కిడ్నీని బట్టి టైమ్.

అమికాసిన్: షాక్‌లో మొదటి డోసు కిలోకు 25 నుంచి 30 మిల్లీగ్రాములు. 60 కిలోలకు కనీసం 1500, అంటే 500 వయల్స్ మూడు, 100 ఎంఎల్‌లో అరగంట నుంచి గంట. 500 పొద్దున, 500 సాయంత్రం అనే పాత అలవాటు ఇంకా కనిపిస్తోంది. ఈ మందుకు ఎత్తుకు లేవడమే ముఖ్యం, రెండు ముక్కలు చేస్తే పని చేయదు. రోజుకు ఒక్కసారే. కిడ్నీ దెబ్బతిని ఉంటే మొదటిది అంతే, రెండోది మాత్రం గడియారం చూసి కాదు, రక్తంలో మందు లెవెల్ చూసి.

కొలిస్టిన్: ఇక్కడ ప్రాణం తీసేది యూనిట్ల గందరగోళం. మిల్లీగ్రాముల్లో రాయకండి, బ్రాండును బట్టి ఆ మిల్లీగ్రాము దేనిదో మారుతుంది. లోడింగ్ 9 మిలియన్ యూనిట్లు. 9 మిలియన్ అంటే 90 లక్షలు, 9 లక్షలు కాదు. ఫోన్‌లో ఆర్డర్ తీసుకుంటే మిలియన్‌లోనూ లక్షల్లోనూ రెండుసార్లు పలికించండి. 12 నుంచి 24 గంటల తర్వాత, కిడ్నీ బాగుంటే 4.5 మిలియన్ 12 గంటలకోసారి. కిడ్నీ బాగోకపోతే ఈ రెండోది తగ్గుతుంది, లోడింగ్ తగ్గదు.

పాలిమిక్సిన్ బి: లోడింగ్ కిలోకు 20 నుంచి 25 వేల యూనిట్లు, గంటసేపు. 60 కిలోలకు 12 నుంచి 15 లక్షలు, 5 లక్షల వయల్స్ రెండున్నర నుంచి మూడు. తర్వాత కిలోకు 12,500 నుంచి 15 వేలు 12 గంటలకోసారి. దీన్ని కిడ్నీ కోసం తగ్గించకూడదు. యూరిన్ ఇన్ఫెక్షన్‌కు మాత్రం ఇది కాదు, కొలిస్టిన్ మేలు.

మన దగ్గర పురుగుమందు తాగినవాళ్లు, కట్లపాము కరిచినవాళ్లు వెంటిలేటర్ మీద ఎక్కువ. వాళ్ల కండరాలు ముందే బలహీనం. అమికాసిన్, కొలిస్టిన్, పాలిమిక్సిన్ బి ఆ బలహీనతను పెంచగలవు. వేరే దారి ఉంటే అది తీసుకోండి. తప్పకపోతే, వెంటిలేటర్ తీయడం ఆలస్యమవుతున్నప్పుడు కారణాల్లో ఈ మందును కూడా లెక్కించండి.

మూర్ఛకు వాల్‌ప్రోయేట్ మీద ఉన్నవాళ్లకు మెరోపెనెం ఇస్తే వాల్‌ప్రోయేట్ స్థాయి ఒక్కసారిగా పడిపోతుంది. డోసు పెంచినా సరిపోదు. మూర్ఛ మందు మార్చాలి, లేదా యాంటీబయాటిక్ మార్చాలి.

8. డయాలసిస్ రోజు

మెరోపెనెం, పైపెరాసిలిన్-టాజోబాక్టం డయాలసిస్‌లో కడుక్కుపోతాయి. పొద్దున డోసు ఇచ్చి పదింటికి డయాలసిస్‌కు పంపితే ఆ డోసు వృథా. ఆ రోజు డోసు డయాలసిస్ అయ్యాక పడేలా టైమ్ మార్చండి, డయాలసిస్ టెక్నీషియన్‌తో ఫోన్‌లో టైమ్ కనుక్కోండి. ఆరు, ఎనిమిది గంటలు నెమ్మదిగా చేసే రకమైతే మధ్యలో కూడా మందు కావాల్సి రావచ్చు, నెఫ్రాలజిస్ట్‌ను అడగండి.

9. పని చేస్తోందా? 48 గంటల దగ్గర చూడాల్సినవి

జ్వరం ఒక్కటే చూడకండి, అది చివర తగ్గేది. నోర్‌అడ్రినలిన్ డోసు దిగుతోందా, లాక్టేట్ (ఒంటికి రక్తం సరిగ్గా అందకపోతే పెరిగేది) తగ్గుతోందా, యూరిన్ పెరిగిందా, ఆక్సిజన్ అవసరం తగ్గిందా, మనిషి తెలివిలోకి వస్తున్నాడా, ఇవి చూడండి. ఇవి బాగుంటే 100 డిగ్రీల జ్వరానికి మందు మార్చొద్దు.

బాగా లేకపోతే ఈ వరుసలో వెళ్లండి. మొదట నర్సింగ్ చార్ట్: రాసిన డోసులన్నీ పడ్డాయా, ఏ టైమ్‌కు పడ్డాయి, ఫ్లష్ జరిగిందా. తర్వాత డోసు: బరువు సరిగ్గా ఉందా, కిడ్నీ పేరుతో ఎక్కడైనా తగ్గించామా, కిడ్నీ ఎక్కువగా పని చేసే మనిషా. ఆ తర్వాత చీము: కడుపులో, ఊపిరితిత్తుల చుట్టూ, కిడ్నీలో, పాత కాన్యులా దగ్గర. షుగర్ రోగిలో కిడ్నీకి అడ్డుపడి చీము పట్టి ఉంటే ఏ డోసూ పని చేయదు, దాన్ని బయటికి తీయాల్సిందే. అల్ట్రాసౌండ్ మళ్లీ చేయించండి. కల్చర్ రిపోర్ట్ కోసం ల్యాబ్‌కు మీరే ఫోన్ చేయండి.

ఇంకా మిగిలింది అసలు జబ్బే వేరు కావడం. ములుగు, భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన జ్వరానికి మలేరియా, స్క్రబ్ టైఫస్ (చిన్న నల్లి లాంటి పురుగు కాటుతో వచ్చే జ్వరం) ఆలోచించకుండా మెరోపెనెం మీద మెరోపెనెం పోయడం వృథా. స్క్రబ్ టైఫస్ మీద మెరోపెనెం పని చేయదు. బట్టలు తీసి చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము దగ్గర నల్లటి పొక్కు మచ్చ కోసం వెతకండి. తీవ్రంగా ఉన్న స్క్రబ్ టైఫస్‌లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ సిర ద్వారా కలిపి ఇస్తే ఒక్కటి ఇచ్చినదానికంటే మేలని 2023లో వచ్చిన మన దేశపు ట్రయల్ చూపించింది.

ఇవన్నీ చూశాకే పెద్ద మందు మాట.

లెవెల్ పరీక్షల గురించి: వాంకోమైసిన్, అమికాసిన్ లెవెల్స్ మీ ల్యాబ్‌లో లేకపోతే బయటికి పంపొచ్చు, రిపోర్ట్ ఎప్పుడొస్తుందో ముందే అడగండి. వాంకోమైసిన్‌కు ఏయూసీ (రోజంతటిలో రక్తంలో ఉన్న మందు మొత్తం) 400 నుంచి 600 మధ్య ఉండాలన్నది 2020 నుంచి పాటిస్తున్న లక్ష్యం. ట్రఫ్ (డోసుకు ముందు రక్తంలో మిగిలిన స్థాయి) ఒక్కటే చేయించగలిగితే, తర్వాతి డోసుకు అరగంట ముందు తీయండి. 20 దాటితే కిడ్నీకి ముప్పు. మందు పోతున్న చేతి నుంచి రక్తం తీస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. ట్యూబ్ మీద రక్తం తీసిన టైమ్, చివరి డోసు టైమ్ రెండూ రాయండి.

10. తగ్గించడం, ఆపడం, పంపడం

రోజూ పొద్దున రౌండ్స్‌లో మూడు మాటలు: ఈ రోజు కిడ్నీ ఎలా ఉంది, ఈ రోజు డోసు అదేనా, ఈ మందు ఇంకా కావాలా. మూడో రోజు కల్చర్‌లో చిన్న మందు పని చేస్తుందని వస్తే దానికి దిగండి. కోలుకుంటున్న కిడ్నీకి తగ్గించిన డోసు తిరిగి పెంచడం చాలామంది మరిచిపోతారు, తగ్గించిన రోజే "రేపు మళ్లీ చూడాలి" అని కేస్‌షీట్‌లో రాయండి.

హైదరాబాద్ పంపాల్సి వస్తే దారి టైమ్‌ను కూడా డోసులో లెక్కించండి. వరంగల్ నుంచి మూడు గంటలు, అక్కడ బెడ్ దొరికి ఎక్కించేసరికి ఇంకో రెండు. ఆదిలాబాద్ నుంచైతే దారే 300 కిలోమీటర్లు. తర్వాతి డోసు ఆ మధ్యలో పడేలా ఉంటే బయల్దేరే ముందే ఇచ్చి పంపండి. అంబులెన్స్‌లో పొడవు డ్రిప్ నడవదు, అరగంటలో పెట్టేయండి. రెఫరల్ చీటీ మీద మందు పేరు, డోసు, చివరిగా పూర్తయిన టైమ్, బరువు, కల్చర్ ఏ రోజు పంపారు, ఏ ల్యాబ్, ఆ ల్యాబ్ ఫోన్ నంబరు, ఇవన్నీ రాయండి. కల్చర్ రిపోర్ట్ మీ దగ్గరికి మూడో రోజు వస్తుంది, అప్పటికి రోగి అక్కడ ఉంటాడు. రిపోర్ట్ రాగానే ఆ ఐసీయూకు ఫోన్ చేయాల్సింది ఎవరో కూడా ముందే పేరు రాసి పెట్టుకోండి.